రాయి పండుకునే తొట్టెల

మా ఇంటికి కొత్తగా వచ్చినవాళ్ళు మొదట ముక్కు మూసుకుంటారు, తర్వాత నోరు తెరుస్తారు. లోపలంతా పాత కట్టె వాసన, దాని మీద పట్టిన పాత నూనె వాసన. చీకటికి కళ్ళు అలవాటు పడ్డాక గోడల వెంట రంగులు కనబడతాయి. చిలకలు వేసిన పీటలు, తామరపువ్వు మూత ఉన్న కుంకుమ బరిణెలు, చుట్టూ ఏనుగులు నడిచే పోపుల పెట్టెలు, ఇత్తడి పూలు కొట్టిన, గింజలు కొలిచే మానికలు. ఇవన్నీ ఒకప్పుడు ఎవరో ఒక ఆడమనిషి చేతికి రోజూ తగిలినవే. మా ఆయన ప్రేమదాసు వీటిని సరుకు అంటాడు. నాకు ఆ మాట ఎప్పుడూ నోరు తిరగలేదు.

ఆయన వ్యాపారం చెప్పడానికి సులువే. నారాయణఖేడ్ బజార్లో స్టీలు సామాన్లు కొని, ట్రాలీ ఆటోలో వేసుకుని కంగ్టి, మనూరు దిక్కు పల్లెలు తిరుగుతాడు. కొత్త బిందె ఇచ్చి పాత రంగుల పెట్టె తెస్తాడు. జహీరాబాదు నుంచి అంబదాస్ అనే బ్రోకరు వ్యాను వేసుకొచ్చి, నచ్చినవి ఏరుకుని హైదరాబాదుకు తీసుకుపోతాడు. అక్కడ పెద్ద ఇళ్ళల్లో వాటిని గోడలకు పెట్టుకుంటారట. పోపుల పెట్టెను గోడకు పెట్టుకునేవాళ్ళ ఇంట్లో కూరకు పోపు ఎక్కడినుంచి వస్తుందో ఆ దేవుడికే తెలియాలి.

ఈ పనిలో నాకు నచ్చనిది ఒకటే. పల్లెల్లో ముసలివాళ్ళు పాత సామాను ఇయ్యరు, కోడళ్ళు ఇస్తారు. అత్త చేనుకు పోయినప్పుడో జాతరకు పోయినప్పుడో, కోడలు అటక మీదినుంచి దించి చేతిలో పెడుతుంది. మా ఆయన అలాంటి వేళ చూసుకునే పోతాడు. ఇంటి పెద్దామెను అడగకుండా తేవద్దని చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది. "ముసలిది ఇస్తదా?" అని ఎదురు అడిగేవాడు. నేను చెప్పేదీ అదే.

సరుకు ఇంటికి రాగానే తుడవడం నా పని. తుడుస్తూ అది ఎక్కడ అరిగిందో చూడటం నా అలవాటు. పీట ఏ పక్క అరిగిందో చూస్తే, దాని మీద కూర్చున్నామె ఏ కాలు ముడుచుకునేదో తెలుస్తుంది. బరిణె మూత మీద గుంట చూస్తే ఆమె బొట్టు పెద్దదో చిన్నదో తెలుస్తుంది. ప్రేమదాసు చిలక ముక్కు చూసి మురిసిపోతాడు. నేను అరుగుడు చూసి ఆ మనిషితో కాసేపు కూర్చుని లేస్తాను.

రెండువేల ఎనిమిది ఎండాకాలంలో మా గ్లోరీ పిల్లతో మా దగ్గరే ఉంది. గ్లోరీ మాకు ఒక్కతే బిడ్డ. ఆమెకు రెండుసార్లు కడుపు పోయాక నిలిచిన పిల్ల షైనీ. అప్పట్లో మా కోసం చర్చిలో ప్రార్థన చేయని ఆదివారం లేదు. అల్లుడు పుణె దిక్కు బిల్డింగ్ పనికి పోయాడు, వానలు పడ్డాక వచ్చి ఇద్దర్నీ తీసుకుపోతానన్నాడు. అంతదాకా ఆ పిల్లను కంటికి రెప్పలా చూసి అప్పగించాలి. నా ప్రాణమంతా ఆ పిల్ల మీదే ఉండేది, దాచుకోవడానికేముంది.

తొట్టెల అప్పుడే వచ్చింది.

మంచి సరుకు దొరికిన రోజు ప్రేమదాసు గల్లీ మొదట్లోనే హారన్ కొడతాడు. ఆ రోజు ఇంటి ముందు దాకా కొడుతూనే వచ్చాడు. గోనెసంచులు తీసి చూపించాడు. నిజం చెప్పాలి, ఇన్నేళ్ళలో నేను అలాంటి తొట్టెల చూడలేదు. నాలుగు పక్కలా చిలకలు, వాటి ముక్కుల్లో మామిడి పిందెలు, అడుగున పసుపు రంగు మీద చిన్న చిన్న చేపలు. పైన చుట్టూ ఉన్న పట్టె మాత్రం ఒక్కటే ఎరుపు. అంజన్న గుళ్ళో విగ్రహానికి పూసే సిందూరం ఉంటుందే, ఆ ఎరుపు.

తొట్టెల మధ్యలో బట్టలో చుట్టిన పసిగుడ్డు పడుకుని ఉంది. దగ్గరికి పోయి చూస్తే అది రాయి. రోట్లో నూరే పొత్రం.

"గుండప్పనే. ఎందుకు బుగులు వడ్తవ్?" అని ఆయన నవ్వాడు.

గుండప్ప సంగతి మా దిక్కు అందరికీ తెలుసు. కర్ణాటక అంచు ఊళ్ళలో పిల్లను మొదటిసారి తొట్టెల్లో వేసే రోజు, ముందుగా పొత్రాన్ని కడిగి, బట్ట చుట్టి, గుండప్పా అని పిలిచి పడుకోబెడతారు. చెడు ఏదన్నా ఉంటే రాయికి పోవాలని. తర్వాత రాయిని తీసి పిల్లను వేస్తారు. మేం చర్చివాళ్ళం కాబట్టి మా ఇళ్ళల్లో చేయం, కానీ పక్కిళ్ళల్లో చూస్తూ పెరిగాం. ప్రేమదాసుకు ఆ చూసినంత తెలుసు. రాయిని వేశారంటే వాళ్ళు చేయాల్సింది చేసేశారు, ఇక పిల్లను వేయడమే మిగిలిందన్నాడు. అంబదాస్ వచ్చేదాకా మనవరాలు రాణిలాగా ఊగుతుందన్నాడు.

నేను రాయికి చుట్టిన బట్ట విప్పాను. పాత చీర ముక్కే కానీ ఉతికి ఎన్నాళ్ళో కాలేదు, సబ్బు వాసన ఇంకా ఉంది. రాయికి నూనె రాశారు. నడుముకు నల్లదారం కట్టారు. ఒక పక్క కాటుక చుక్క పెట్టారు, అది నా వేలికి అంటింది. వేడుక నాడు రాయి తొట్టెల్లో కాసేపు పడుకుంటుంది, అంతే. దీన్ని ఎవరో రోజూ పెంచుతున్నారు.

ఎవరింట్లో తెచ్చావని అడిగాను. కంగ్టి అవతల ఒక ఊళ్ళో బసమ్మ అనే కోడలు ఇచ్చిందట. అత్త హన్మమ్మ బోరంచ గుడికి, నల్లపోచమ్మ దగ్గరికి పోయిందట. కుక్కర్ చూపిస్తే చాలు, తీసుకుపొమ్మని తొందర పెట్టిందట, ఇంకేమీ అడగలేదట. బేరం చేయని కోడలి గురించి వినడం నాకు అదే మొదటిసారి. ఆ మాటే అన్నాను. "నీకు అన్నిట్ల అనుమానమే" అని ఆయన తొట్టెలను దూలానికి కట్టాడు. పొత్రాన్ని తీసుకుపోయి గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టాడు.

పిల్లను అందులో వేయొద్దని నేను గట్టిగానే చెప్పాను. గ్లోరీ తండ్రి పక్క చేరింది. చీర ఉయ్యాల్లో పిల్లకు ఉక్కపోస్తోందని, ఒళ్ళంతా చెమటకాయలని ఆమె బాధ. పైగా మనం ప్రభువును నమ్ముకున్నవాళ్ళం, నీకు గుండప్ప భయమేందమ్మా అని నన్నే అడిగింది. నా భయం గుండప్ప మీద కాదు, ఆ కాటుక పెట్టిన చెయ్యి మీద అని చెప్పడం నాకు చేతకాలేదు.

షైనీ ఆ తొట్టెల్లో హాయిగా నిద్రపోయింది. అందరికీ నచ్చింది. ఇరుగుపొరుగు చూసిపోయారు. అంబదాస్ వ్యాను వచ్చినా, పిల్ల పెరిగేదాకా తొట్టెల ఇయ్యనన్నాడు ప్రేమదాసు. పిల్ల బోర్లాపడి, కూర్చోవడం నేర్చి, రెండు చేతులా ఎర్ర పట్టెను పట్టుకుని ఆడుకునేది. కింద రెండు పాలపండ్లు మొలిచాయి. చిగుళ్ళ దురదకు ఏది దొరికితే అది కొరకడమే ఆ ఈడు పిల్లల పని కదా, షైనీ పట్టెను కొరికేది. పెదాలకు ఎర్రగా అంటేది. "నా మనుమరాలు పాన్ తిన్నది" అని ప్రేమదాసు అందర్నీ పిలిచి చూపించేవాడు. ఆయనతో పాటు గ్లోరీ కూడా నవ్వేది.

తొలకరి పడే నాటికి పిల్ల నవ్వడం మానేసింది. కడుపు ముట్టుకుంటే గట్టిగా ఉండేది, ముట్టుకోగానే ఏడ్చేది. పాలు తాగి కక్కేది. మొహంలో రక్తం లేదు. దవాఖానకు తీసుకుపోతే పండ్లు వచ్చేటప్పుడు ఇలాగే ఉంటుందని సీసా మందు రాసిచ్చారు. పాస్టరు ఇంటికి వచ్చి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. అందరూ పోయాక గ్లోరీ నా దగ్గరికి వచ్చి, ఎవరిదన్నా కన్ను పడిందేమోనమ్మా అంది మెల్లగా. గుండప్ప భయమేందని నన్ను అడిగిన పిల్లే.

మర్నాడు గ్లోరీ పిల్లను మళ్ళీ దవాఖానకు తీసుకుపోయింది. నేను ఖాళీ తొట్టెలను తుడవడానికి కూర్చున్నాను. వచ్చిన రోజు పైపైన తుడిచానే కానీ పిల్ల అందులో పడుకుంటున్నప్పటినుంచీ తీరిగ్గా చూడలేదు. ఎర్ర పట్టె లోపలి అంచు మీద తడిబట్ట పోనిస్తుంటే వేళ్ళకు గరుకు తగిలింది. వెలుతురుకు తిప్పి చూశాను. పంటి గాట్లు.

పాత తొట్టెళ్ళన్నిటి మీదా గాట్లుంటాయి, అది వింత కాదు. రెండు పండ్ల గాటు ఉంటుంది, పక్కన నాలుగు పండ్లది ఉంటుంది, ఇంకాస్త పక్కన దవడపండ్లతో నమిలినది ఉంటుంది. పిల్ల పెరిగినకొద్దీ గాటు పెరుగుతుంది. దీని మీద అన్నీ రెండు పండ్ల గాట్లే. కొన్ని పాతబడి నల్లగా, కొన్ని వాటి మీదే పడి, కొన్ని షైనీవి తాజాగా. పట్టె పొడుగునా అక్కడక్కడా ఎరుపు పోయి కట్టె బయటపడింది. ఇంతమంది పిల్లలు ఈ పట్టెను కొరికారు, ఒక్కరికీ మూడో పన్ను రాలేదు.

చేతిలో బట్ట అక్కడే పడేసి చెప్పులేసుకున్నాను. కంగ్టి పోయే షేరింగ్ ఆటో ఎక్కి, అక్కడినుంచి దొరికిన బండి పట్టుకుని ఆ ఊరు చేరాను. హన్మమ్మ ఇల్లు అడిగితే, గుండప్ప పిచ్చి ముసలామె ఇల్లా అని చూపించారు. ముసలామె వాకిట్లో గోడకు ఆనుకుని కూర్చుంది. కోడలు బసమ్మ పొయ్యి దగ్గర ఉంది. దూలానికి వట్టి గొలుసులు వేలాడుతున్నాయి.

మీ తొట్టెల మా ఇంట్లో ఉందని చెప్పాను. ముసలామె కోపం చేయలేదు.

"రాయి అండ్లనే ఉన్నదా?" అంది.

"తీసినం అవ్వా."

"మరి ఎవర్ని పండవెట్టిన్రు?"

"నా బిడ్డ బిడ్డను."

ఆమె నా మొహంలోకి చూసింది. "పండ్లు వచ్చినయా?"

"కింద రెండు."

హన్మమ్మ కొంగు నోట్లో పెట్టుకుని కాసేపు ఊగింది. తర్వాత చెప్పింది. పిల్లల కోసం ఆమె మామ నల్లపోచమ్మకు మొక్కుకుంటే కొడుకు పుట్టాడట. ఆ మొక్కుకు బీదరు నుంచి రంగులు వేసేవాడిని పిలిపించి తొట్టెల చేయించాడట. ఆ కొడుకే ఆమె మొగుడు. తొట్టెల పూర్తయ్యేసరికి నడుస్తున్నాడు కాబట్టి అందులో పడుకోలేదు. తర్వాత పుట్టిన అతని తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ పడుకున్నారు, ఒక్కరూ దక్కలేదు. హన్మమ్మ కాపురానికి వచ్చాక ఆమె పిల్లలూ అందులోనే పడుకున్నారు.

"పండ్లు రాంగనే కడుపు రాయైతది. తెల్లగ వాడిపోతరు. ఇగ ఒకనాడు కాళ్ళు చేతులు కొట్టుకుంటరు, గంతే. మా అత్త అన్నది, మొక్కు సామాను కాలవెట్టొద్దు, పొగల సుత అది ఉంటది. ఖాళీగ ఉంచొద్దు, ఖాళీగుంటే పిల్లను పిలుస్తది. రాయిని పండవెట్టు, రాయికి పండ్లు రావు అన్నది."

రాయిని పడుకోబెట్టాక పుట్టిన కొడుకును చీర ఉయ్యాల్లో పెంచిందట. బసమ్మ మొగుడు అతనే. అప్పటినుంచి రాయికి స్నానం చేయించి, బట్ట మార్చి, కాటుక పెడుతూనే ఉంది. తొట్టెల అడగడానికి ఎవరు వచ్చినా ఒకటే చెప్పేదట. అందులో పిల్ల పండుకున్నది, లేపకున్రి.

నాకు కోపం ఆగలేదు. పొయ్యి దగ్గరికి పోయి, తెలిసీ ఎట్లా ఇచ్చావని బసమ్మను నిలదీశాను. ఆమె లేచి నిలబడింది. నిండు కడుపు.

"ఇంట్ల అది ఉన్నప్పుడు నాకు నిద్ర వట్టలేదు అక్కా" అంది. "మీ ఆయన పట్నంల గోడలకు వెట్టుకుంటరన్నడు. గోడకైతే ఏం కాదనుకున్న. మీరు పిల్లను వేస్తరని నాకెట్ల తెలుస్తది?"

హన్మమ్మ వెనకనుంచి అడిగింది. "కాళ్ళు చేతులు కొట్టుకున్నదా?"

"ఇంకా లేదు."

"అయితే జల్దీ పో బిడ్డా. ముందు పిల్లను తియ్యి."

తిరుగు ప్రయాణంలో ప్రతి ఊరి దగ్గరా ఆటో ఆగింది. దిగేవాళ్ళు దిగుతున్నారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతున్నారు, డ్రైవరు చిల్లర కోసం కొట్లాడుతున్నాడు. నేను అందరి మీదా అరిచాను. వాళ్ళు నాకేదో అయిందనుకుని జరిగి చోటిచ్చారు. యేసయ్యా యేసయ్యా అనుకుంటూ వచ్చాను, మధ్యలో పోచమ్మ పేరు కూడా నోట్లోంచి వచ్చింది. వస్తే వచ్చిందని ఊరుకున్నాను.

మా వాకిట్లో జనం ఉన్నారు. ప్రేమదాసు పిల్లను చేతుల మీద పట్టుకుని నిలబడ్డాడు, ఆటో తాళంచెవి దొరకడం లేదని ఏడుస్తున్నాడు. దవాఖాన నుంచి వచ్చి పిల్ల నిద్రపోతుంటే మళ్ళీ తొట్టెల్లోనే వేశారట. అందులోనే కాళ్ళు చేతులు బిగుసుకున్నాయట. షైనీ కళ్ళు పైకి తిరిగి ఉన్నాయి, పెదాల మీద ఎరుపు ఇంకా తడిగా ఉంది. నా కొంగుతో ఆ ఎరుపు తుడిచి, ఎదురింటి వాళ్ళ జీపు మాట్లాడి హైదరాబాదుకు బయల్దేరాం.

అక్కడ డాక్టరమ్మ పిల్ల ఏం తిన్నది, ఏం నాకింది అని మళ్ళీ మళ్ళీ అడిగింది. నేను తొట్టెల గురించి చెప్పాను. రక్తం తీసి పరీక్షకు పంపారు. ఆ పాత ఎర్ర రంగులో సీసం ఉంటుందట, అది పిల్లల రక్తంలో కలిసి మెదడుకు ఎక్కుతుందట. ఆమె ప్రేమదాసును కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పింది. గీకొద్దు, దుమ్ము ఇంట్లో పడుతుంది. కాల్చొద్దు, పొగలో కూడా అదే ఉంటుంది. హన్మమ్మ అత్త చదువుకున్న మనిషి కాదు. ఇద్దరూ ఒకే మాట చెప్పారని నాకు అక్కడే తట్టింది.

పిల్ల బతికింది. ఆ మాట చెప్పి అందరం కన్నీళ్ళు తుడుచుకున్నాం. చర్చిలో సాక్ష్యం చెప్పాం. ఏడాది దాటింది, నడక వచ్చింది. రెండేళ్ళు దాటాయి, మాట రాలేదు. కొంతమందికి ఆలస్యంగా వస్తుందన్నారు. అల్లుడు పిల్లను పెద్ద డాక్టర్లకు చూపించాడు. తర్వాత చూపించడం మానేశాడు, ఆ తర్వాత రావడం కూడా తగ్గించాడు. గ్లోరీ, షైనీ మా దగ్గరే ఉండిపోయారు.

ఆ తొట్టెలను హన్మమ్మ ఇంటికి తిరిగి పంపొచ్చు. బసమ్మకు ఆడపిల్ల పుట్టిందని విన్నాను, ఆ ఇంటికి ఎట్లా పంపుతాను? అంబదాస్‌కు అమ్మొచ్చు. వాడు గోడకే అంటాడు, మా ఆయన కూడా బసమ్మతో గోడకే అన్నాడు. అది అందమైన సామాను, దాన్ని చూసిన తల్లి ఎవరైనా ఒకనాడు పిల్లను అందులో వేయాలనుకుంటుంది. అందుకే అది మా దూలానికే ఉంది. హైదరాబాదు నుంచి తిరిగొచ్చిన రోజే తలుపు దగ్గరి పొత్రాన్ని కడిగి, నా చీర చించి చుట్టి, అందులో పడుకోబెట్టాను. బట్ట మారుస్తాను. కాటుక కూడా పెడతాను. పాస్టరుకు ఇది తెలుసు, ఏమీ అనడు. ప్రేమదాసు ఇప్పుడు స్టీలు ఒక్కటే అమ్ముతాడు, పైసలకే అమ్ముతాడు. తొట్టెల ఉన్న గదిలోకి రాడు. నేను ఆయన్ని క్షమించానా అని గ్లోరీ ఒకసారి అడిగింది. లేదన్నాను.

షైనీకి ఇప్పుడు ఆరేళ్ళు దాటాయి. ఈడు పిల్లలు బడికి పోయాక ఇంట్లోనే ఉంటుంది. దానికి ఇష్టమైన చోటు ఆ తొట్టెల పక్కనే. పట్టెకు మొత్తం గుడ్డలు కుట్టేశాను, చెయ్యి తగిలినా రంగు అంటదు. అది రాయి మొహం మీద బట్ట సర్దుతుంది, గొలుసు పట్టుకుని ఊపుతుంది. ఊపుతూ ఊ, ఊ అంటుంది. దాని నోట్లోంచి వచ్చే చప్పుడు అదొక్కటే.

మొన్న అంబదాస్ వచ్చాడు. ఈసారి వెంట హైదరాబాదు నుంచి ఒకామెను తెచ్చాడు. పాత రంగుల సామాను సేకరిస్తుందట, మంచి మనిషిలాగే ఉంది. నేను వద్దంటున్నా ఇద్దరూ లోపలి గది దాకా వచ్చారు. ఆమె చిలకలను చూసి గడప దగ్గరే ఆగిపోయింది. తన కూతురుకు నెలలు నిండుతున్నాయని, ఇలాంటిది ఎక్కడా దొరకలేదని, ఎంతైనా ఇస్తానని అంది. ముందుకు వచ్చి, చుట్టిన బట్టను పక్కకు తీయబోయింది.

"ముట్టకు" అన్నాను. "అండ్ల పిల్ల పండుకున్నది."

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని నా వంక చూసింది, తర్వాత అంబదాస్ వంక చూసింది. నాకు పిచ్చి అనుకుందని తెలుస్తూనే ఉంది. షైనీ గొలుసు వదలకుండా ఆమెకేసి తిరిగి, పెదాల మీద వేలు పెట్టి చప్పుడు చేయొద్దని చెప్పింది.